సూజౌలో పక్కింటమ్మాయి ఇంగ్లీషు

ప్రశ్న: చైనాలోని సూజౌలో ఉంటున్న ఒక పాఠకురాలు ఈ ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాను. ఈవిడది గుంటూరు వైపు. ఎం.ఏ. ఇంగ్లీషు చదివి ఇంటర్ కాలేజీలో లెక్చరర్‌గా పనిచేశారు. భర్తకు సూజౌలో ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఉద్యోగం రావడంతో అక్కడికి వెళ్లారు. కుటుంబ వీసా కావడంతో ఇంట్లోనే ఉంటున్నారు. పక్క ఫ్లాట్‌లో పదహారేళ్ల అమ్మాయి ఉంది. చదువు సీనియర్ స్కూల్లో రెండో ఏడు, అంటే మన లెక్కలో ఇంటర్ ఫస్టియర్. ఈవిడను ‘ఆయీ’ అని పిలుస్తుందట, మన పిల్లలు ఆంటీ అన్నట్టు. ఇంగ్లీషులో ఏదో డౌట్ అడగడంతో మొదలై, శని ఆదివారాలు రోజుకు రెండేసి గంటల చదువుగా మారింది.

అమ్మాయి తల్లి తన అక్క కొడుకు వాడిన గ్రామర్ పుస్తకాలు తెచ్చి ఇచ్చింది. నాలుగింట్లో ఒకటి గుర్తుపెట్టే ప్రశ్నలు. ఇద్దరూ కూర్చుని రెండు పుస్తకాలు పూర్తి చేశారు. స్కూలు పరీక్షలో 150కి అప్పుడు 88, ఇప్పుడు 89.5. తల్లి ఇంకో రోజు కూడా చెప్పమంటోంది, ఎర్ర కవర్లో డబ్బు పెట్టి బల్ల మీద ఉంచి వెళ్లింది. భర్తేమో ‘తీసుకుంటే తప్పేంటి, ఎలాగూ ఖాళీగానే ఉన్నావు కదా’ అన్నారు. స్కూల్లో ఇంగ్లీషు టీచర్ ‘ఇండియన్ ఉచ్చారణ అంటుకుంటుంది జాగ్రత్త’ అందట. వీటన్నిటి మీదా, పోయిన ఆదివారం ఆ పిల్ల పుస్తకం మూసి, ‘ఆయీ, నాకు నిద్ర కావాలి, అమ్మకి చెప్పకండి’ అంది. ‘ఏడాది పాఠం ఒకటిన్నర మార్కు. నాకు చెప్పడం రావడం లేదా? మానేయాలా? డబ్బు తీసుకోవచ్చా?’ అని ఈవిడ అడుగుతున్నారు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది చివర్లో మీరు వేసిన మార్కుల విడమరుపు. మీరు దాన్ని ఏదో తోకలా చేర్చారు గానీ, మీ మొదటి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. వినికిడి 30కి 21. నాలుగు పాసేజీల రీడింగ్ 37.5కి 22.5. ఏడు వాక్యాల్లోంచి ఐదు ఏరి ఖాళీల్లో పెట్టేది 12.5కి 5. క్లోజ్, అంటే కథలోని ఖాళీలకు ఆప్షన్లలోంచి మాట ఏరేది, 15కి 8. గ్రామర్ ఖాళీలు 15కి 9. చిన్న ఉత్తరం 15కి 10. సగంలో ఆపిన కథను ముగించి రాయడం 25కి 14.

ఇప్పుడు వచ్చిన మార్కులు వదిలేసి పోయినవి కూడండి. గ్రామర్ ప్రశ్నలో పోయినవి ఆరు. రీడింగ్ రెండు భాగాల్లో కలిపి ఇరవై రెండున్నర. కథలో పదకొండు. మీరిద్దరూ వారానికి నాలుగు గంటలు ఆ ఆరు మార్కుల చుట్టూ తిరుగుతున్నారు. అవి ఆరూ తెచ్చుకున్నా మొత్తం 95.5 దాటదు. చెప్పడం మీకు బాగానే వచ్చు. చెబుతున్న పుస్తకమే ఆ అమ్మాయి పరీక్షది కాదు.

ఎందుకంటే, ఆ అన్నయ్య చదివిన రోజుల్లో సూజౌ ఉన్న జియాంగ్సు రాష్ట్రానికి గావోకావోలో, అంటే అక్కడి యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో, సొంత ప్రశ్నపత్రం ఉండేది. విడివిడి వాక్యాలిచ్చి నాలుగింట్లో సరైనది గుర్తుపెట్టమనే గ్రామర్ ప్రశ్నలు 2020 దాకా అందులో ఉన్నాయి. 2021 నుంచి జియాంగ్సు కొత్త పద్ధతిలో జాతీయ స్థాయి ఒకటో పత్రానికి మారింది. ఆ తరహా ప్రశ్నలు ఇందులో లేవు. గ్రామర్ అంతా ఒక చిన్న పాసేజ్‌లో పది ఖాళీలుగా వస్తుంది. కొన్ని ఖాళీల పక్కన మూలపదం ఇస్తారు, దాన్ని తగిన రూపంలోకి మార్చి రాయాలి. కొన్నిటికి ఏమీ ఇవ్వరు, ఆర్టికలో ప్రిపొజిషనో కలిపే మాటో తనే తేల్చుకోవాలి. ఒక్కోదానికి ఒకటిన్నర మార్కు. ఎంచుకోడానికి ఆప్షన్లు ఉండవు. ఆప్షన్లలో ఏరుకోవడం అలవాటైన పిల్లకు ఉత్త ఖాళీ ఎదురైతే చెయ్యి ఆడదు. ఆ పుస్తకాలు మర్యాదగా తిరిగి ఇచ్చేయండి.

గ్రామర్ రాకుండా రీడింగ్ ఎలా వస్తుందంటారా? నిజమే. అయితే ఏ గ్రామర్ అన్నది చూడాలి. ఆ అమ్మాయి రాసిన తప్పులు నాలుగైదు పంపారు కదా, వాటిలో మూడు ఒక్క కోవలోవే. సాంగ్ రాజుల కాలం నాటి గుడి గురించిన వాక్యంలో ‘బిల్డ్’ అనే మాటను సరైన రూపంలో రాయమంటే ‘వాజ్ బిల్ట్’ అని రాసింది. వాక్యం చివర ‘అట్రాక్ట్స్ మెనీ విజిటర్స్’ అని అసలు క్రియ అప్పటికే ఉంది. అక్కడ ‘బిల్ట్’ చాలు. చైనీస్‌లో క్రియకు రూపం మారదు. ఒకే వాక్యంలో రెండు మూడు క్రియలు ఏ గుర్తూ లేకుండా వరసగా నిలబడగలవు. అందుకే అక్కడి పిల్లలకు వాక్యాన్ని మోసే క్రియ ఏదో, పక్కన ఆనుకున్నది ఏదో విడదీయడం కష్టం. గ్రామర్ ఖాళీల్లో వాళ్లు ఎక్కువగా తడబడేది అక్కడే.

ఇక్కడ మీకొక అనుకూలత ఉంది, మీరది గమనించినట్టు లేదు. మనం స్కూల్లో సమాపక క్రియ, అసమాపక క్రియ అని చదువుకున్నాం. ‘సాంగ్ కాలంలో కట్టిన గుడి ఎందరినో ఆకర్షిస్తోంది’ అంటే ‘కట్టిన’ అన్నది వాక్యాన్ని ముగించదని మనకు చెవే చెబుతుంది. చూసి, వెళ్తూ, కట్టిన అంటూ రోజంతా అసమాపకాలతోనే మాట్లాడతాం. ఈ తేడాను ఎవరో చెబితే నేర్చుకున్నవాళ్లు, పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల కన్నా బాగా విప్పి చెప్పగలరు. ఆర్టికల్స్ సంగతీ అంతే. అవి తెలుగులోనూ లేవు, చైనీస్‌లోనూ లేవు. ‘ద’ ఎక్కడ పెట్టాలో మీరూ కష్టపడి నేర్చుకున్నవారే కదా. కాబట్టి గ్రామర్ పూర్తిగా మానొద్దు. వారానికి ఒక పాసేజ్, పది ఖాళీలు చేయించండి. ప్రతి ఖాళీ దగ్గర ఒకటే అడగండి: ‘ఈ వాక్యంలో అసలు క్రియ ఎక్కడుంది?’ పావుగంట పని, అంతకు మించి దానికి ఇవ్వకండి.

ఇక మాటల జాబితాలు. అమ్మాయి చేతిలో అక్షరక్రమంలో ఉన్న పదాల పుస్తకం ఉందన్నారు. అక్కడి విద్యార్థుల మధ్య పాత జోకొకటి ఉంది. అలాంటి పుస్తకాల్లో మొదట తగిలే మాట ‘అబాండన్’ (వదిలేయడం), అది నేర్చుకుని పుస్తకాన్ని కూడా అబాండన్ చేస్తారని. చైనా పాఠ్య ప్రణాళిక ప్రకారం గావోకావో రాసేవాళ్లకు సుమారు 3,000 మాటలు తెలిసుండాలి. అందులో దాదాపు సగం సీనియర్ స్కూల్‌కు రాకముందే నేర్చుకున్నవి. సంఖ్యగా చూస్తే ఇది మరీ భయపడాల్సింది కాదు. చిక్కల్లా తెలిసిన మాట తెలియని అర్థంలో రావడం. ‘అడ్రస్’ అంటే చిరునామా అని తెలిసిన పిల్లకు ‘అడ్రస్ ద ప్రాబ్లం’ అర్థం కాదు, పైగా అర్థం కాలేదన్న సంగతీ తెలియదు. ‘నావెల్’ అంటే నవల అనుకుంటుంది, అక్కడ దాని అర్థం ‘కొత్త’. ఇవి జాబితాలో దొరకవు, పాసేజ్‌లోనే దొరుకుతాయి. చదివిన ప్రతి పాసేజ్‌లోంచి నాలుగైదు పదబంధాలను, పక్క మాటలతో సహా, ఆ అమ్మాయి చేతే తీయించి రాయించండి. తప్పుల కోసం ఒక నోటుపుస్తకం పెట్టుకోవడం అక్కడ చాలామంది పిల్లలకు అలవాటే, అందులోనే రాసుకుంటుంది. క్లోజ్‌లో పోతున్న ఏడు మార్కులకూ ఇదే మందు. అందులో ఇచ్చే ఆప్షన్లు చాలావరకు తెలిసిన మాటలే. కథ మొత్తం ఒకసారి చదవకుండా మొదటి ఖాళీ దగ్గరే పెన్ను పెట్టేవాళ్లు అందులో దెబ్బతింటారు.

రీడింగ్ గురించి కాస్త నిదానంగా చెప్పాలి. నాలుగు పాసేజీల్లో మొదటిది సాధారణంగా ప్రకటనో కరపత్రమో, రెండోది ఎవరిదో అనుభవం. సీ, డీ అనే చివరి రెండూ సైన్సు, సమాజం వంటి విషయాల మీద ఉంటాయి. ఇంగ్లీషు పత్రికల్లోంచి తీసుకుని కుదించినవి ఎక్కువ. వాక్యాలు పొడుగు. ‘ఊరివాళ్లు వరద తర్వాత కట్టిన వంతెన’ అని మనం వర్ణన అంతా ముందు చెప్పి వంతెన దగ్గర ఆగుతాం, చైనీస్‌లోనూ ఇంతే. ఇంగ్లీషు ముందు వంతెన అనేసి, తర్వాత ‘దట్’ పెట్టి వెనకాల కథంతా చెబుతుంది. వాక్యం మధ్యలో ఇంత పొడుగు తోక వచ్చేసరికి పిల్లలు దారి తప్పుతారు. తల్లి చెప్పినట్టు ‘ఇంకా ఎక్కువ పాసేజీలు’ చేయిస్తే ఈ తప్పటడుగే ఇంకాస్త అలవాటవుతుంది. స్కూల్లో ఎలాగూ గడియారం పెట్టి లెక్కలేనన్ని చేయిస్తున్నారు. మీ దగ్గర గడియారం తీసేయండి.

వారానికి ఒక్కటే పాసేజ్ తీసుకోండి. అదీ ఆ అమ్మాయి ఇప్పటికే పరీక్షలో రాసి మార్కులు పోగొట్టుకున్నది. ప్రశ్నలు మూసేసి చదవమనండి. ఒక్కో పేరా అయ్యాక ఇందులో రచయిత ఏం చేశాడో, ఉదాహరణ ఇచ్చాడా, ఎదుటివాళ్ల వాదన చెప్పాడా, దాన్ని కాదన్నాడా, తన మాటల్లో చెప్పమనండి. తడబడితే చైనీస్‌లోనే చెప్పనివ్వండి, సగమే అర్థమైనా పరవాలేదు, చెప్పే క్రమంలో తనకే తేలుతుంది. ఆ తర్వాత ప్రశ్నలు తెరిచి, ఏ జవాబు చెప్పినా దానికి ఆధారమైన వాక్యం మీద వేలు పెట్టమనండి. తప్పు చెప్పిందనుకోండి, వెంటనే దిద్దకండి. ఎందుకు అది ఎంచిందో వాదించనివ్వండి. లోకంలో నిజమే గానీ పాసేజ్‌లో లేని సంగతి, పాసేజ్‌లోని మాటలే కానీ తారుమారు చేసిన సంబంధం, రచయిత అన్నదాన్ని మించి సాగదీసిన మాట, ఇలా వలలు ఒకటికి నాలుగు రకాలు ఉంటాయి. రెండు నెలలు చేస్తే తను ఏ వలలో ఎక్కువ పడుతోందో తనే చెబుతుంది. ఏడులో ఐదు ఏరే ప్రశ్న కూడా దీని తమ్ముడే. ఖాళీకి ముందూ వెనకా ఉన్న వాక్యాల్లో ‘దే’, ‘దిస్’, ‘హవెవర్’ లాంటివి దేన్ని పట్టుకుని వేలాడుతున్నాయో చూడటం వస్తే చాలు.

కథ ముగించి రాయడం మీకు సరదాగా ఉంటుంది, ఆ పిల్లకూ ఉంటుంది. ఒక కథ ఇచ్చి, రెండు పేరాలకు మొదటి వాక్యాలు ఇచ్చి, సుమారు 150 మాటల్లో ముగించమంటారు. కన్నీళ్లు, సూర్యకిరణాలు, గుండె దడ గురించిన అలంకారపు వాక్యాలు పిల్లలు ముందే బట్టీ పట్టి వెళ్తారు. కథ కుక్కపిల్ల తప్పిపోవడం గురించైనా సూర్యకిరణాలు వచ్చేస్తాయి. మీరు కథ చదివాక ‘ఇప్పుడు ఏమవుతుంది? ఆ అబ్బాయి అలా ఎందుకు అన్నాడు?’ అని అడిగి నోటితో చెప్పించండి. రాయడం తర్వాత.

ఉచ్చారణ గురించి బాధపడకండి. ఆ 150 మార్కుల్లో మాట్లాడే పరీక్ష లేదు. వినికిడి భాగానికి మాత్రం మీరు చదివి వినిపించొద్దు, పాత పరీక్షల రికార్డింగులే పెట్టండి. ఆ టీచర్‌తో వాదం అక్కర్లేదు.

ఇప్పుడు నిద్ర సంగతి. పొద్దున్నే గట్టిగా చదివే పీరియడ్‌తో మొదలై, రాత్రి తొమ్మిది దాటేదాకా స్కూల్లోనే కూర్చుని చదువుకునే పిల్ల అది. మన ఇంటర్ కాలేజీల స్టడీ అవర్స్ దగ్గరుండి చూసిన మీకు ఇది కొత్త కాదు. మీ ముందు మూడు దారులున్నాయి. పూర్తిగా మానేయడం ఒకటి. అప్పుడు ఆదివారం ఆ పిల్లకు మిగులుతుందని మాత్రం అనుకోకండి, ఇంత పట్టుదల ఉన్న తల్లి ఇంకొకరిని వెతుకుతుంది. ఆ పిల్ల మనసు విప్పి మాట్లాడే ఒక్క మనిషీ దూరమవుతుంది. తల్లి కోరినట్టు మూడో రోజు కూడా చేర్చడం మరొకటి. కొన్నాళ్లు తల్లికి నచ్చుతుంది, ఆ పిల్ల మీతో నిజం చెప్పడం మానేస్తుంది. శనివారం తీసేసి, ఆదివారం పొద్దెక్కాక గంటన్నర మాత్రం ఉంచడం మూడోది. నా మొగ్గు దీనివైపే. కానీ ఇదీ ఊరికే రాదు. మీరు తప్పించుకుంటున్నారని తల్లి అనుకోవచ్చు. చదివే తీరు మారితే మొదటి ఒకటి రెండు పరీక్షల్లో మార్కులు తగ్గినా తగ్గొచ్చు, అప్పుడు మాట పడాల్సి వస్తుంది. కాబట్టి ముందే చెప్పి ఉంచాలి.

ఎలా చెప్పాలంటే, పిల్ల చెప్పిన మాట ఎత్తకుండా. అది మిమ్మల్ని నమ్మి చెప్పింది. మార్కుల విడమరుపు కాగితం బల్ల మీద పెట్టి, పోయిన మార్కుల కింద గీత గీసి, ‘ఇక్కడ ఆరు, ఇక్కడ ఇరవై రెండున్నర. నేను ఇకనుంచి ఈ రెండోదాని మీద పని చేస్తాను, దానికి వారానికి ఒక్కసారి చాలు, బుర్ర తేటగా ఉండాలి’ అని మీ నిర్ణయంగా చెప్పండి. మీకొచ్చిన చైనీస్ సరిపోకపోతే ఫోన్లో అనువాదం పెట్టుకోండి, అంకెలకు ఆ అవసరం కూడా ఉండదు. ఒకవేళ పిల్ల మరీ నీరసించి, చిరాకుపడుతూ, తినడం మానేస్తే మాత్రం రహస్యం పక్కన పెట్టి తల్లితో మాట్లాడాల్సిందే. ఆ సంగతి పిల్లకు ముందే చెప్పి ఉంచండి.

డబ్బు విషయంలో దారులు అన్ని లేవు. మీది కుటుంబ సభ్యులకిచ్చే నివాస అనుమతి, దాని మీద పనిచేయకూడదు. చైనాలో 2013 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఎగ్జిట్-ఎంట్రీ చట్టం ప్రకారం విదేశీయులు పనిచేయాలంటే వర్క్ పర్మిట్, ఉద్యోగ నివాస అనుమతి రెండూ ఉండాలి. లేకుండా చేస్తే 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా. తీవ్రమైన సందర్భాల్లో దానికి తోడు ఐదు నుంచి పదిహేను రోజుల నిర్బంధం. పనిలో పెట్టుకున్నవాళ్లకూ జరిమానా ఉంది, అంటే ఆవిడా చిక్కుల్లో పడొచ్చు. దానికి తోడు పిల్లల మీద హోంవర్కు, ట్యూషన్ల భారం తగ్గించడానికి 2021లో వచ్చిన ‘డబుల్ రిడక్షన్’ విధానం తర్వాత ప్రైవేటు ట్యూషన్ల మీద అక్కడ నిఘా పెరిగింది. మీవారు సరదాకో, మీ చెయ్యి ఆడుతుందనో అని ఉంటారు, కానీ ఈ కవరు వల్ల ఆయన ఉద్యోగానికే ఇబ్బంది రావచ్చు. ఆ మాట ఆయనకు ఈ వివరాలతోనే చెప్పండి. కవరు తిరిగిచ్చేటప్పుడు ఆవిడ నొచ్చుకోకుండా, ‘డబ్బు వద్దు, వారానికో గంట నాకు చైనీస్ నేర్పండి’ అని అడగండి. పళ్లు, పండక్కి మూన్‌కేకులు తెస్తే హాయిగా పుచ్చుకోండి.

‘ఖాళీగా ఉన్నావు కదా’ అన్న మాట మీకు ఎక్కడో తగిలిందని ఉత్తరం చదువుతుంటే తెలుస్తూనే ఉంది. ఈ పిల్ల మార్కులు మీ ఉద్యోగానికి బదులుగా నిలబడ్డాయేమో ఆలోచించండి. ఒకటిన్నర మార్కుకు ఇంత కుంగిపోవడం అందుకేనేమో. అక్కడ ఇంగ్లీషు టీచర్‌గా వర్క్ పర్మిట్ సాధారణంగా మాతృభాష ఇంగ్లీషైన దేశాల పౌరులకే ఇస్తారు. దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని చెప్పడమే న్యాయం. మీ ఎం.ఏ.తో యూజీసీ నెట్‌కు, అంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత పరీక్షకు, అక్కడుండే చదువుకోవచ్చు, పరీక్షకు ఇండియా రావాలి. చైనీస్ గట్టిగా నేర్చుకుని హెచ్.ఎస్.కె. అనే చైనీస్ భాషా ప్రావీణ్య పరీక్షలు రాయడం ఇంకో దారి. ఇంగ్లీషు, చైనీస్ రెండూ వచ్చినవాళ్లకు మన దగ్గర పని దొరుకుతుంది, కాకపోతే ఏళ్లు పడుతుంది. ఇండియాలోని పిల్లలకు ఆన్‌లైన్‌లో చెప్పాలనుకుంటే మాత్రం, మీ అనుమతి మీద అది కుదురుతుందో లేదో మొదలుపెట్టకముందే మీవారి కంపెనీ హెచ్.ఆర్. ద్వారా ఎగ్జిట్-ఎంట్రీ కార్యాలయంలో అడిగించి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.